బరంపురంలో నమ్మకమైన ప్లంబర్ ఎవరైనా ఉన్నారా? అర్జెంటు

హిల్‌పట్నా కోడలు | జూన్ 12, రాత్రి 10:42
అందరికీ నమస్కారం. మాది హిల్‌పట్నాలో పాత ఇల్లు, మావయ్యగారి హయాంలో కట్టింది. పెరట్లో తులసికోట పక్కన నేలలోంచి నీళ్లు ఉబుకుతున్నాయి. ట్యాంకు నింపితే గంటన్నరలో ఖాళీ. మా ఆయన సూరత్‌లో ఉన్నారు. ఇంట్లో నేనూ, అత్తయ్యగారూ, ఆరేళ్ల బాబూ. ఫోన్‌లో ఉన్న ముగ్గురు ప్లంబర్లకీ చేశాను. ఒకాయన ఎత్తలేదు. ఒకాయన నంబరు ఇప్పుడు వేరే ఎవరిదో అయిపోయింది. మూడో ఆయన "కాలి ఆసిబి" అని పెట్టేశాడు. ఇప్పుడేం చెయ్యాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

ఆస్కా రోడ్డు వాసి | రాత్రి 10:47
"కాలి ఆసిబి" అన్నాడంటే ఇక అయినట్టే. ఒడియాలో కాలి అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. మా ఇంటికి రావలసిన మనిషి నిన్ననే వచ్చి వెళ్లిపోయుంటాడని మేం సరిపెట్టుకున్నాం.

రిటైర్డ్ ఓవర్సీర్ | రాత్రి 10:51
వేళాకోళాలు తర్వాత. అమ్మా, ముందు మోటారు స్విచ్ ఆపెయ్యండి. కాళ్లకి చెప్పులు లేకుండా, తడి చేతుల్తో ఆ బోర్డు దగ్గరకి వెళ్లకండి. తర్వాత డాబా మీదకి వెళ్లి, ట్యాంకు నుంచి కిందకి దిగే పైపు చూడండి. దానికి చిన్న చక్రం ఉంటుంది, అదే గేట్ వాల్వ్. కుడివైపుకి తిప్పితే మూసుకుంటుంది.

హిల్‌పట్నా కోడలు | రాత్రి 11:04
టార్చి పట్టుకుని ఎక్కాను. చక్రం తిరుగుతూనే ఉంది, ఎంత తిప్పినా బిగియట్లేదు. నీళ్లు ఆగలేదు.

రిటైర్డ్ ఓవర్సీర్ | రాత్రి 11:09
అయితే లోపల కాడ తెగిపోయింది. చక్రం తిరుగుతుంది కానీ గేటు దిగదు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని వాల్వులన్నిటికీ ఇదే గతి. సరే, ఎలాగూ పోయే నీళ్లే కదా, కుళాయిలన్నీ విప్పి బకెట్లు, బిందెలు, డ్రమ్ములు నింపుకోండి. ట్యాంకులోకి వంగి కన్నంలో గుడ్డ కుక్కమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, రాత్రిపూట ఒక్కరే ఉండి చేసే పని కాదు. మిగిలినవి పోతే పోనివ్వండి. ట్యాంకు ఖాళీ అయ్యాక కారడానికి ఏమీ ఉండదు. పొద్దున్న చూద్దాం.

హిల్‌పట్నా కోడలు | రాత్రి 11:38
నింపేశాం. అత్తయ్యగారు ఇడ్లీ పాత్ర, కుక్కరు, చివరికి వినాయక చవితికి తప్ప దించని ఇత్తడి గంగాళం కూడా వదల్లేదు. పెరట్లో శబ్దం తగ్గింది. మీకు చాలా థాంక్స్ అండీ.

పర్లాకిమిడి పిల్లోడు | జూన్ 13, ఉదయం 6:20
అక్కా, ఆన్‌లైన్‌లో వెతికి కనపడిన నంబరుకి మాత్రం డబ్బులు పంపకండి. పోయినేడు నేను చేశాను. "బుకింగ్ కోసం పది రూపాయలు, లింకు నొక్కండి" అన్నాడు. పది కదా అని నొక్కబోతుంటే మా చెల్లి ఫోన్ లాక్కుంది. ఆ నంబరు ఏ ఊరిదో కూడా తెలీదు.

గోపాల్‌పూర్ గాలి | ఉదయం 6:55
మీ ఇంటికి దగ్గర్లో పైపులమ్మే హార్డ్‌వేర్ దుకాణం ఉంటే తొమ్మిదింటికల్లా వెళ్లి నిలబడండి. ప్లంబర్లు పొద్దున్నే సామాను కోసం అక్కడికి వస్తారు. కౌంటర్లో ఉన్నాయనని "మీ ఇంట్లో పని ఎవరితో చేయిస్తారు?" అని అడగండి. "మంచి ప్లంబర్ ఎవరు?" అని అడిగితే మాత్రం ఎదురుగా ఎవరు నిలబడి ఉంటే ఆయన్నే చూపిస్తారు.

ఆస్కా రోడ్డు వాసి | ఉదయం 7:30
దుకాణం వాళ్లకీ ప్లంబర్లకీ కమీషన్ లెక్కలు ఉంటాయి, అది మర్చిపోవద్దు. మా ఇంట్లో ఒక వాషరు మార్చడానికి వచ్చినాయన మొత్తం కుళాయి మార్పించాడు. సామాను తనే తెచ్చాడు, బిల్లు మాత్రం చీటీ ముక్క మీద. పాత కుళాయి కూడా సంచిలో వేసుకుని పోయాడు. అది ఇత్తడిది! అందరూ దొంగలే అని నా అభిప్రాయం.

పైపు రెంచి, ఇచ్ఛాపురం | ఉదయం 8:12
నేను ఆ దొంగల్లో ఒకణ్ని. ఇరవై రెండేళ్ల బట్టి ఇదే పని, బోర్డరు అటూ ఇటూ చేస్తాను. ఆస్కా రోడ్డు అన్నగారూ, పాత సామాను అడిగి ఉంచుకోవడం మీ హక్కే, కాదనను. సామాను మీరే కొనండి, మేం ఏమేం కావాలో రాసిస్తాం, పక్కా బిల్లు తీసుకోండి. కానీ ఒకటి అడుగుతాను. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, బండి వేసుకుని వచ్చి, మోకాళ్ల మీద మురుగులో కూచుని, ఐదు నిమిషాల్లో పని అయిపోతే "ఐదు నిమిషాలకి మూడొందలా?" అంటారు. ఆ ఐదు నిమిషాల పని నేర్చుకోడానికి ఎన్నేళ్లు పట్టిందో ఎవరూ అడగరు. అలా ఒకసారి బేరం ఆడిన ఇంటి నంబరు వస్తే నేనూ "రేపొస్తాను" అంటాను మరి. ఏటి చెయ్యమంటారు?

గోపాల్‌పూర్ గాలి | ఉదయం 8:20
ఇది నిజం. మా ఇంటికి వచ్చే ఆయనకి మేం వచ్చినందుకు ఇంత, పనికి ఇంత అని విడిగా ఇస్తాం. పని లేకుండా చూసి వెళ్లినా మొదటిది ఇస్తాం. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా. ఖాళీగా ఉన్న మా ట్యాంకు పైపులతో సహా ఊడి రెండిళ్ల అవతల పడింది. ఊరంతా ప్లంబర్ల కోసం తిరుగుతుంటే ఆయన నాలుగో రోజున మా ఇంటికి వచ్చాడు. ఎందుకు మా ఇంటికి ముందు వచ్చాడో నాకు తెలుసు. అప్పటినుంచి తుఫాను కబురు వింటే ముందు ట్యాంకు నిండా నింపేస్తాం, ఆ బరువుకి అది కదలదు.

రిటైర్డ్ ఓవర్సీర్ | ఉదయం 8:41
అమ్మా, ప్లంబర్ వచ్చేలోగా ఒక సంగతి తేల్చుకోండి. మీ వంటింటికీ వెనక బాత్రూముకీ లైను పెరటి కింద నుంచే వెళ్తోందా? ఇల్లు పాతదంటున్నారు కాబట్టి అది జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు అయి ఉంటుంది. ఆ రోజుల్లో జనపనార చుట్టి, సఫేదా అనే తెల్ల లేపనం పూసి బిగించేవాళ్లం. మట్టిలో ఉన్న జీఐని తుప్పు బయటనుంచీ తింటుంది, లోపలనుంచీ తింటుంది. మీకు చిల్లు పడింది ఒక్కచోటే అయినా, మిగతా పైపు కూడా దాని వయసుదే.

హిల్‌పట్నా కోడలు | ఉదయం 9:50
అవునండీ, పెరటి కిందే. అత్తయ్యగారు చెప్పారు, "మీ మావయ్యగారు దగ్గరుండి వేయించారు, ఎక్కడికి పోతుందో ఆయనకే తెలుసు" అని. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది.

ఇంకో విషయం. గోపాల్‌పూర్ వారు చెప్పినట్టు దుకాణానికి వెళ్లాను. ఒకాయన దొరికారు, కేంద్రాపడా వైపు మనిషి. పన్నెండింటికి వస్తానన్నారు. నేను అడక్కముందే ఆయన అడిగింది, "బంద్ చేసే వాల్వ్ ఎక్కడుంది?" అని.

పైపు రెంచి, ఇచ్ఛాపురం | ఉదయం 9:58
ఆ మనిషిని వదలకండి. మొదట రెంచి తీసేవాడికీ, మొదట వాల్వ్ ఎక్కడని అడిగేవాడికీ చాలా తేడా ఉంటుంది.

రిటైర్డ్ ఓవర్సీర్ | ఉదయం 10:06
కేంద్రాపడానా! ఆ జిల్లాలో పట్టాముండై, ఆళి ప్రాంతాల నుంచి తరాలుగా ఈ పనిలోకి వచ్చారు. ఢిల్లీ, ముంబై, గల్ఫ్ దేశాల్లో పెద్ద భవనాలకి పైపులు వేసిన చేతులు ఆ ఊళ్లవి. పట్టాముండైలో ప్లంబింగ్ నేర్పడానికే ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. దేశానికంతా ప్లంబర్లని పంపే రాష్ట్రంలో కూచుని మనకి ప్లంబర్ దొరకట్లేదని ఏడుస్తున్నాం చూడండి. మంచి పనివాడికి ఢిల్లీలో వచ్చే కూలి మనం ఇవ్వం, అదీ సంగతి.

ఆస్కా రోడ్డు వాసి | ఉదయం 10:15
కేంద్రాపడా మనిషంటే ఇవాళ సాయంత్రానికి ఊరు వెళ్లిపోతాడు. రేపు పహిలి రజొ, రజొ పండుగ మొదటి రోజు. చూసుకోండి.

హిల్‌పట్నా కోడలు | మధ్యాహ్నం 2:35
ఆస్కా రోడ్డు వారి నోట చక్కెర పొయ్యా అనాలో, ఇంకేమనాలో తెలీడం లేదు. ఆయన వచ్చారు. పెరడంతా చూశారు. చెవి నేలకి ఆనించి విన్నారు కూడా. తవ్వి పాత పైపు మొత్తం తియ్యాలి, రెండు రోజుల పని అన్నారు. మరి ఎప్పుడు మొదలుపెడతారంటే తల అడ్డంగా ఊపారు. రేపట్నుంచి మూడు రోజులు భూమిని తవ్వకూడదు, గునపం దించనన్నారు. నేను వాదించబోయాను. అత్తయ్యగారు ఆపేశారు, "భూదేవి ఋతువులో ఉన్న రోజులవి, మనూళ్లో నాగలి కూడా కట్టరు, నువ్వు మాట్లాడకు" అని.

పర్లాకిమిడి పిల్లోడు | మధ్యాహ్నం 2:41
మరి నాలుగు రోజులు నీళ్లు లేకుండా ఎలా అక్కా?

పైపు రెంచి, ఇచ్ఛాపురం | మధ్యాహ్నం 2:50
తవ్వకుండా కూడా అవుతుంది. ట్యాంకు పైపు దగ్గర పాత లైను కోసి డమ్మీ మూత కొట్టెయ్యమనండి. అక్కడినుంచి కొత్త పైపు డాబా గోడ మీదుగా దించి, ప్రహరీ వెంట వంటింటి దాకా తీసుకెళ్లాలి. ముప్పావు అంగుళం చాలు. క్లాంపులు రెండు మూడు అడుగులకొకటి. మూడు నాలుగు గంటల పని.

హిల్‌పట్నా కోడలు | రాత్రి 8:15
అచ్చం ఇలాగే చేశారు! నేను ఈ చర్చ చూపించకముందే ఆయన కొలతలు తీసుకుంటున్నారు. మా బాబు వెనకాలే తిరిగాడు, టెఫ్లాన్ టేపు పట్టుకునే ఉద్యోగం వాడిది. మర చుట్టూ టేపు ఏ వైపుకి చుడుతున్నారో చూడమని వాడికి నేర్పారు. మర బిగిసే వైపుకే చుట్టాలట, లేకపోతే బిగించేటప్పుడు టేపు ఊడి వచ్చేస్తుందట.

పాడైన గేట్ వాల్వ్ తీసి బాల్ వాల్వ్ పెట్టారు. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. నాలాంటి వాళ్లకి ఇదే నయం. పైపు అతికించే సొల్యూషన్ పూసిన చోట ఆరేదాకా ఆగాలని నీళ్లు వెంటనే వదలనివ్వలేదు, మేం ఆత్రపడుతున్నా సరే. ఏడింటికి వంటింట్లో కుళాయి విప్పితే ముందు బుస్సుమని గాలి, తర్వాత ఎర్ర నీళ్లు, తర్వాత మామూలు నీళ్లు. అత్తయ్యగారు గంగాళం తోమి మళ్లీ అటకెక్కించేశారు.

ఆయన రాత్రి బస్సుకి ఊరు వెళ్లిపోయారు. తవ్వే పని రజొ తర్వాతట. సగం డబ్బులే తీసుకున్నారు.

ఆస్కా రోడ్డు వాసి | రాత్రి 8:32
సగం తీసుకున్నాడా? సగమే? నాకు ఆ నంబరు కావాలి.

మోడరేటర్ | రాత్రి 8:34
ఫోన్ నంబర్లు ఇక్కడ రాయవద్దు. వ్యక్తిగత సందేశంలో పంపుకోండి. ఆ మనిషిని అడిగి పంపండి.

సునాబెడ చలి | జూన్ 14, ఉదయం 11:10
ఈ చర్చ చూస్తున్నాను. మా కొరాపుట్ వైపు గోల వేరు. చలికి గీజరు లేనిదే గడవదు. గీజరు పక్కన ఒక చిన్న వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటే పోయిన డిసెంబర్లో ఒక ప్లంబర్ని పిలిచాం. "లీకు" అని చెప్పి దానికి ప్లగ్ బిగించి డబ్బులు తీసుకుని వెళ్లాడు. చుక్కలు ఆగాయి, మేం సంతోషించాం. వారం తర్వాత మా పక్కింటి మెకానికల్ ఇంజనీరుగారు చూసి దాదాపు కేకేశారు.

రిటైర్డ్ ఓవర్సీర్ | ఉదయం 11:25
కేకెయ్యరూ మరి! అది సేఫ్టీ వాల్వ్. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి, ఆ ఒత్తిడి పోవడానికే ఆ వాల్వ్. వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడటం దాని పని అది చేస్తున్నట్టు. దాన్ని మూసేసి, లోపల థర్మోస్టాట్ కూడా చెడిపోతే ట్యాంకు పేలిపోవచ్చు. ఎప్పుడూ ధారగా కారుతుంటే వాల్వ్ మార్చాలి, అంతేగానీ మూయకూడదు. గీజరు ముట్టుకునే ముందు కరెంటు ఆపాడో లేదో చూడండి, అక్కడే మనిషి తెలిసిపోతాడు. వేడి నీళ్ల లైనుకి వాడే పైపు కూడా అడగండి. తెల్ల యూపీవీసీ చన్నీళ్లకే. వేడికి మీగడ రంగు సీపీవీసీ ఉండాలి. తక్కువలో పోతుందని తెల్లది వేసేవాళ్లు ఉన్నారు, కొన్నాళ్లకి అతుకుల దగ్గర వంగిపోతుంది.

సునాబెడ చలి | ఉదయం 11:31
ప్లగ్ ఆ రోజే తీయించేశాం. ఆ ప్లంబర్ని మళ్లీ పిలవలేదు, తిట్టనూ లేదు. అతనికి ఎవరూ చెప్పలేదేమో అనిపించింది.

గిరి రోడ్డు పంతులుగారు | సాయంత్రం 5:40
నాదీ ఒక ప్రశ్న. మున్సిపల్ నీళ్లు సన్నగా వస్తున్నాయి. లైనుకే నేరుగా మోటారు తగిలిస్తానని ఒక ప్లంబర్ అంటున్నాడు. వీధిలో చాలామంది పెట్టుకున్నారట.

రిటైర్డ్ ఓవర్సీర్ | సాయంత్రం 5:58
వద్దు పంతులుగారూ. నేరుగా లాగితే పైపులో శూన్యం ఏర్పడి, అతుకుల దగ్గర చుట్టుపక్కల ఉన్న మురుగుని కూడా లోపలికి పీలుస్తుంది. మీ ఇంటికే కాదు, పక్కింటికీ అదే నీరు వెళ్తుంది. పైగా అది నిబంధనలకి విరుద్ధం. లైను నీళ్లు సంపులోకి పడనిచ్చి, అక్కడినుంచి మోటారుతో ఎక్కించుకోండి. వీధి పైపుకీ మీ లైనుకీ కలిపే చోట ఫెర్రూల్ ఉంటుంది, అందులో తుక్కు పట్టినా నీళ్లు సన్నబడతాయి. దాన్ని ముట్టుకునే పని మాత్రం ఆఫీసు వాళ్లదే, బయటి ప్లంబర్‌ది కాదు. మీ వీధికి వచ్చే జలసాథి (నీటి బిల్లులు, ఫిర్యాదులు చూసే మహిళా కార్యకర్త) అమ్మాయికి చెప్పండి, ఫిర్యాదు రాయించుకుంటారు.

పర్లాకిమిడి పిల్లోడు | సాయంత్రం 6:15
నేనూ అడుగుతాను, అడగడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మా సెప్టిక్ ట్యాంకు నిండింది. ఒక ప్లంబర్ "ఇద్దరు కుర్రాళ్లని దింపి తోడిస్తాను, తక్కువలో అయిపోతుంది" అన్నాడు.

పైపు రెంచి, ఇచ్ఛాపురం | సాయంత్రం 6:19
తమ్ముడూ, ఒప్పుకోకు. ఆ గ్యాసుకి మనిషి మెట్టు దిగేలోపే పడిపోతాడు, కాపాడ్డానికి దిగినవాడూ పడిపోతాడు. నాకు తెలిసిన ఇంట్లో అలా జరిగింది, ఇంతకంటే రాయలేను.

రిటైర్డ్ ఓవర్సీర్ | సాయంత్రం 6:27
2013 నాటి చట్టం ప్రకారం అలా మనిషిని దింపడం నేరం. దింపించినవాళ్లూ బాధ్యులే. మున్సిపాలిటీకి ఫోన్ చేసి మురుగు తోడే సెస్‌పూల్ బండి అడుగు, 14420 నంబరు కూడా ఉంది. మరొకటి, బాత్రూము జామ్ అయిందని ఒకసారి యాసిడ్, ఒకసారి బ్లీచింగ్ పొయ్యకండి ఎవరూ. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

గోపాల్‌పూర్ గాలి | జూన్ 15, ఉదయం 9:05
హిల్‌పట్నా అమ్మాయి, నీకో ఉపాయం. ఇప్పుడు బయట వేసిన పైపు అలాగే ఉంచెయ్యి, మళ్లీ తవ్వి పాతిపెట్టడం ఎందుకు?

పైపు రెంచి, ఇచ్ఛాపురం | ఉదయం 9:30
పాతడమే మంచిది. ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కిపోతుంది. మే నెలలో కుళాయి విప్పితే చెయ్యి కాలుతుంది.

రిటైర్డ్ ఓవర్సీర్ | ఉదయం 9:44
నేను గోపాల్‌పూర్ వారి వైపు. ఎండ తగలకుండా పెయింటు వేసుకోవచ్చు, పైన చుట్టు వెయ్యొచ్చు. మట్టిలో లీకైతే ఎక్కడో తెలుసుకోడానికే పెరడు సగం తవ్వాలి. గోడ మీద అయితే కంటికి కనపడుతుంది. ముప్పై ఏళ్లు నేలలో పైపులు వేయించిన వాణ్ని నేను, అయినా ఇదే చెప్తాను.

పైపు రెంచి, ఇచ్ఛాపురం | ఉదయం 9:49
మీరు పెద్దవారు, కాదనలేను. కానీ నా ఇంట్లో అయితే పాతుతాను.

హిల్‌పట్నా కోడలు | జూన్ 19, రాత్రి 9:20
ఆలస్యానికి ఏమీ అనుకోకండి. ఆయన నిన్న ఉదయం ఏడింటికే వచ్చారు. "కాలి" అనలేదు, తేదీ, టైమూ చెప్పి వచ్చారు! మా ఆయనతో వీడియోలో మాట్లాడించాను. చివరికి తవ్వడం మానేశాం, పైపు గోడ మీదే ఉంచేశాం. రెంచిగారూ, మీకు కోపం రాకూడదు, అత్తయ్యగారికి తులసికోట కదపడం ఇష్టం లేదు. పెయింటు వేయించాం.

ఓవర్సీర్‌గారు వ్యక్తిగత సందేశంలో చెప్పిన పద్ధతిలో రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకు లోపల నీటి మట్టం దగ్గర సుద్దముక్కతో గీత పెట్టాను. పొద్దున్న చూస్తే వేలెడు తగ్గింది! గుండె జారిపోయింది. ఆయన నవ్వి, ఫ్లష్ ట్యాంకులో కాస్త పసుపు వేశారు. పావుగంటకి, ఎవరూ నొక్కకుండానే కమోడ్‌లోకి పసుపు నీళ్లు. లోపలి వాషరు పోయిందన్నమాట. మార్చారు, పాతది నా చేతిలో పెట్టారు. ఆస్కా రోడ్డు వారికి చూపించడానికి దాచాను.

పైపులు ఎక్కడెక్కడ నుంచి వెళ్తున్నాయో నోట్‌బుక్‌లో బొమ్మ గీయించుకున్నాను. ఫోటో తీసి మా ఆయనకి పంపాను. బాల్ వాల్వ్ పిడికి అత్తయ్యగారు ఎర్ర గుడ్డ కట్టారు, నెలకోసారి తిప్పి చూసే పని బాబుది.

ఆస్కా రోడ్డు వాసి | రాత్రి 9:31
నాకు ఆయన ఎల్లుండి పదింటికి వస్తానన్నారు. ఏ భాషలో అన్నారో కూడా జాగ్రత్తగా విన్నాను. ఊరి నుంచి మీకేమైనా తెచ్చారా?

హిల్‌పట్నా కోడలు | రాత్రి 9:36
పొడొపిఠా తెచ్చారు, రజొకి చేసే పిండివంట, అరిటాకులో కాల్చింది. మీ వంతుకి ఉంచలేదు, అయిపోయింది.